విరేచనాలప్పుడు టాక్రోలిమస్ డోసు పెంచొచ్చా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. పుట్టుకతోనే పైత్యరస నాళాలు మూసుకుపోయాయి. ఎనిమిది నెలల కిందట చెన్నైలో వాళ్ల నాన్న కాలేయంలో కొంత తీసి పాపకు పెట్టారు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. మందంతా విరేచనంలో పోతోందేమోనని నిన్నటి నుంచి టాక్రోలిమస్ (పెట్టిన కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) అర డోసు ఎక్కువ వేస్తున్నాను. చెన్నై తీసుకెళ్లాలా?
– ఒక తల్లి, కావలి

జవాబు: ఆ అదనపు డోసు ఇక వేయొద్దమ్మా. అలాగని మామూలు డోసు మీ అంతట మీరు ఆపనూ వద్దు. ముందు ఆపరేషన్ చేసిన ఆస్పత్రి కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి, ఎన్నిసార్లు ఎక్కువ వేశారో దాచకుండా చెప్పండి. పాపను ఇవాళే నెల్లూరులో పిల్లల డాక్టరుకు చూపించండి. మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, చేతులు వణుకుతున్నా చెన్నై దాకా ఆగకుండా అక్కడే చేర్చాలి.

మీలాగే చాలామంది అనుకుంటారు గానీ, జరిగేది తలకిందులు. ఈ మందులో చాలా భాగాన్ని పేగు లోపలి పొరలోని ఎంజైములు రక్తంలో కలవకముందే విరిచేస్తాయి. విరేచనాలతో ఆ పొర దెబ్బతింటే అడ్డు తగ్గి, అదే డోసుకు రక్తంలో మందు లెవెల్ (మోతాదు) పెరుగుతుంది. అసలే ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నాయి, దానికి ఇది తోడైతే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది.

కోఆర్డినేటర్ సరేనంటే లెవెల్ పరీక్షకు రక్తం నెల్లూరులోనే ఇవ్వొచ్చు. రాత్రి 8కి మందు వేస్తే ఉదయం 8కి, ఆ పూట మందు వేయకముందే తీయాలి. మందు వెంట తీసుకెళ్లి, రక్తం తీశాక అక్కడే వేయండి. ఇంట్లో వేసేసి వెళ్తే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది; అది నమ్మి డోసు తగ్గిస్తే రిజెక్షన్ (పెట్టిన కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టడం) భయం. రక్తం ఊదారంగు మూత ట్యూబులో తీయాలి, సీరం (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరు చేయకూడదు. మందు ఎక్కువగా ఎర్రకణాల్లోనే ఉంటుంది మరి. ల్యాబువాళ్లకు ఈ మాట ముందే చెప్పండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పరీక్ష), పొటాషియం కూడా చూడమనండి.

లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, విరేచనమైనప్పుడల్లా 100–200 మి.లీ. చెంచాతో పట్టండి. మనవైపు విరేచనాలనగానే కొబ్బరిబొండాం కొడతారు. ఈ పాపకు వద్దు: టాక్రోలిమస్ పొటాషియాన్ని పెంచుతుంది, కొబ్బరినీళ్లలో అదే దండిగా ఉంటుంది. పంపర పనస అయితే ఎప్పటికీ వద్దు, అది మందు లెవెల్‌ను పెంచుతుంది.

మెడికల్ షాపులో అడిగి ఏ మందూ వేయకండి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ లెవెల్ పెంచేస్తాయి. ఇబుప్రోఫెన్ కిడ్నీలకు చేటు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, విరేచనంలో రక్తం కనపడినా తెల్లారేదాకా చూడొద్దు. మందు సీసా, లెవెల్స్ రాసుకున్న పుస్తకం పట్టుకెళ్లి, డ్యూటీ డాక్టరుకు మొదటి మాటగా లివర్ మార్పిడి సంగతే చెప్పండి.