దోశ మాస్టర్‌కు స్పాన్సర్ లైసెన్స్ ఉంటే చాలా?

సందేహం: లాయర్ గారూ, ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో టిఫిన్ హోటల్ పెట్టి ఏడాది అయింది. నేనూ, విజయవాడలో ఉండే మా అన్నయ్యా డైరెక్టర్లం. నాకు ఇక్కడ శాశ్వత నివాసం ఉంది. గుంటూరు నుంచి ఒక దోశ మాస్టర్‌ను తెచ్చుకోవాలని ఉంది. అక్కడి ఏజెంటు, ‘స్పాన్సర్ లైసెన్స్ తీసుకోండి చాలు, ఆ ఖర్చంతా మాస్టర్ దగ్గరే రాబట్టుకోవచ్చు’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. స్పాన్సర్ లైసెన్స్, అంటే విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి హోమ్ ఆఫీసు (బ్రిటన్ హోం శాఖ) కంపెనీకిచ్చే అనుమతి, వచ్చినా మీ మాస్టర్‌కు వీసా రాదు. 2025 జులై 22 నుంచి, అలాంటి కంపెనీలో పనికి ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసా, కొద్ది మినహాయింపులు తప్ప, డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే. చెఫ్ పని ఆ రోజుతో జాబితాలోంచి పోయింది. రుబ్బిన పిండిని వేలితో తాకి పులుపు చెప్పగలవాడైనా హోమ్ ఆఫీసు లెక్కలో ఆ నైపుణ్యం చాలదు. అన్యాయమని మీరంటే నేను కాదనను. పోనీ ‘రెస్టారెంట్ మేనేజర్’ అని రాద్దామా అంటే, ఆ ఉద్యోగమూ అప్పుడే పోయింది.

అలాగని లైసెన్స్ పూర్తిగా దండగ కాదు. ఆ తేదీకి ముందే ఇక్కడ స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉండి, తెగకుండా కొనసాగుతున్న చెఫ్‌లు కంపెనీ మారవచ్చు. అలాంటివాళ్లను తీసుకోవాలంటే మీకు లైసెన్స్ ఉండాలి, జీతం కూడా నిబంధన ప్రకారం ఇవ్వాలి.

అర్హత విషయానికొస్తే, బ్రిటన్‌లో చట్టబద్ధంగా నడుస్తున్న వ్యాపారమని కాగితాలతో చూపాలి. మామూలుగా నాలుగు పత్రాలకు తగ్గకుండా అడుగుతారు. ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టాక అయిదు పని దినాల్లో పంపాలి. మీ హోటల్‌కు పద్దెనిమిది నెలలు నిండలేదు కాబట్టి కంపెనీ బ్యాంకు ఖాతా రుజువు తప్పదు. ఆహార వ్యాపారంగా స్థానిక కౌన్సిల్‌లో నమోదైన కాగితమూ కావాలి. లైసెన్స్‌కు బాధ్యత వహించే ఆథరైజింగ్ ఆఫీసర్ బ్రిటన్‌లో ఉండాలి కనుక మీ అన్నయ్య పేరు పనికిరాదు, మీ పేరే పెట్టండి. హాజరు, జీతం, వీసా రికార్డులు ఇప్పటినుంచే సరిగ్గా ఉంచండి. అధికారులు చెప్పకుండా కూడా వస్తారు. వంటింట్లోకి వచ్చి పనివాణ్ణే, ‘జీతమెంత, ఎన్ని గంటలు?’ అని అడుగుతారు. అతను చెప్పింది మీ పే స్లిప్‌తో కలవాలి.

ఇక ఏజెంటు మాట. విదేశీ ఉద్యోగిని పెట్టుకున్నందుకు ప్రభుత్వానికి కట్టే ఇమ్మిగ్రేషన్ స్కిల్స్ చార్జ్ ఎప్పుడూ యజమానిదే. 2024 డిసెంబర్ 31 నుంచి లైసెన్స్ ఫీజు, ఉద్యోగి వీసా కోసం కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఫీజు కూడా స్కిల్డ్ వర్కర్ మీద వేయకూడదు. వేస్తే లైసెన్స్ రద్దు కావచ్చు. అప్పుడు మీ దగ్గర ఉన్నవాళ్ల వీసా మామూలుగా 60 రోజులకు కుదించుకుపోతుంది. చిన్న కంపెనీకి లైసెన్స్ ఫీజు 2025 ఏప్రిల్‌లో 574 పౌండ్లు అయింది. దానికోసం ఇంత టెన్షన్ కొనితెచ్చుకోవాలా? ఇంకొకటి, 1983 నాటి మన ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆయన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి చూడండి.

నన్నడిగితే, లెస్టర్‌లోనే డిపెండెంట్ వీసా మీద ఉన్న మనవాళ్లలో చేయి తిరిగినవారిని వెతకండి. స్పాన్సర్ అక్కర్లేదు. వాళ్లు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తీసి ఇచ్చే షేర్ కోడ్‌తో పని హక్కు ఆన్‌లైన్‌లో చూసి, ఆ పేజీ ఫైల్లో పెట్టాకే పెనం అప్పగించండి. హక్కు లేనివాళ్లను పెట్టుకుని దొరికితే మొదటిసారే మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది.