కట్టకు అవతలి వైపు దిగి నడువు

అమ్మడూ,

సరస్సు నిర్వహణ నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషించాను. ఉత్తరం నిండా బోట్ల షెడ్డు, లైట్లు, నడకదారి గురించే రాశావు. కట్ట గురించి మాత్రం ‘బాగానే ఉంది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ ముక్కే.

షికారుకు వచ్చేవాళ్ళంతా నీళ్ళ వైపు చూస్తారు. నువ్వు కట్టకు అవతలి వైపు, పొడిగా ఉండాల్సిన వైపు, దిగి నడవాలి. మామూలు రోజుల్లో వారానికోసారి చాలు. పెద్ద వాన పడ్డాక, సరస్సు నిండుగా ఉన్నప్పుడు మాత్రం రోజూ తప్పదు.

మట్టి కట్ట అన్నాక కాస్త ఊట ఉంటుంది. కనబడగానే కంగారు పడక్కర్లేదు, కానీ చూసీ చూడనట్టు వదిలేయకూడదు. చుట్టూ గడ్డి ఎండిపోయిన రోజుల్లో కట్ట అడుగున ఒకచోట మాత్రం పచ్చగా, ఏపుగా ఉంటే అక్కడ ఆగు. బూటుతో అదిమి చూడు. కాలు తీయగానే ఆ గుంటలో నీరు చేరితే పక్కన ఒక గూటం పాతి, పుస్తకంలో రాసుకో. కారే నీటిని గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచు. తేటగా ఉంటే కొలుస్తూ ఉండు. బకెట్టూ, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచీ ఉంటే కొలత అయిపోతుంది. ఆ రోజు సరస్సు మట్టమెంతో, వాన ఎంత పడిందో కూడా పక్కనే రాయి. మట్టం పెరగలేదు, వానా లేదు, అయినా ఊట పెరిగిందంటే ఆ రోజే ఇంజనీరుకు ఫోన్ చెయ్యి.

సీసా అడుగున సన్నటి మట్టి పేరుకుందా, అది వేరే సంగతి. కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోంది, బుంగ పడుతోంది. బుంగ బయటి నుంచి మొదలై సరస్సు వైపు తవ్వుకుంటూ పోతుంది కాబట్టి కట్ట మీద నడిచేవాళ్ళకు ఏమీ తెలియదు. అమెరికాలో టీటన్ అనే భారీ మట్టి డ్యామ్ 1976 జూన్ 5న ఇలాగే తెగింది. పొద్దున్న బురద నీటి ఊట కనబడింది, మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే గండి పడింది. ఇలాంటప్పుడు రంధ్రంలో బంకమట్టి కుక్కి మూసేద్దామని పక్కనున్న ప్రతివాడూ అంటాడు. వాళ్ళ మాట వినకు. అక్కడ మూస్తే నీరు ఇంకోచోట దారి చూసుకుంటుంది. నీటిని పోనిచ్చి, మట్టిని ఆపాలి. ముందు ముతక ఇసుక, దానిమీద కంకర పరిపించు. తూము తెరిచి మట్టం దించడం మొదలుపెట్టు. దిగువ వాళ్ళకు ముందే కబురు వెళ్ళాలి.

ఇక అలుగు, అంటే సరస్సు నిండాక మిగిలిన నీరు పొర్లి పోయే దారి. నీకు ఒత్తిడి వచ్చేది ఇక్కడే. నీళ్ళు నిండుగా ఉంటే బాగుంటుందని, అలుగు మీద రెండు చెక్కలు పెట్టమని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. చేపలు పోతున్నాయి, వల కట్టమని ఇంకొకరు అంటారు. ఒప్పుకోవద్దు. 1889 మే 31న అమెరికాలో జాన్స్‌టౌన్ పట్టణాన్ని ముంచేసింది విహార సరస్సే. ఆ సరస్సుకున్న సౌత్ ఫోర్క్ కట్ట సంపన్నుల క్లబ్బు ఆస్తి. అడుగున నీళ్ళు వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందు యజమాని తీసి తుక్కు కింద అమ్మేస్తే, క్లబ్బు మళ్ళీ పెట్టించలేదు. బండ్లు నడవడానికి దారి వెడల్పు చేస్తూ కట్ట ఎత్తు తగ్గించారు. చేపల కోసం అలుగుకు జాలీలు బిగించారు. పెద్ద వాన నాడు ఆ జాలీలకు చెత్త అడ్డుపడి, నీరు కట్ట మీదుగా పొర్లి, కట్ట తెగింది. 2,200 మందికి పైగా చనిపోయారు. విడివిడిగా చూస్తే వాటిలో ఏ పనీ ఎవరికీ ప్రాణాంతకంగా తోచి ఉండదు. ఈ కథ కమిటీకి ఓ మీటింగులో చెప్పు.

తూము గేటును ఏడాదికోసారైనా తిప్పి చూడాలి. ఏళ్ళ తరబడి కదలని గేటును ఒక్కసారిగా పైకి లాగకు. తెరుచుకుని మళ్ళీ పడకపోతే సరస్సంతా పోతుంది. పనితెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా కదిలించాలి. మరమ్మతు కోసం నీళ్ళు తీసేటప్పుడూ తొందర వద్దు. మట్టం గబగబా దిగితే నానిన లోపలి వాలు జారిపోతుంది. చిన్న మట్టి కట్టలకు రోజుకు అడుగు మించకుండా దించడం మంచిది. తూము గొట్టం బయటికి వచ్చేచోట గొట్టం చుట్టూ తడి ఉందేమో టార్చి వేసి మరీ చూడు.

కట్ట మీద నీడ కోసం చెట్లు నాటిస్తానన్నావు. వద్దమ్మా, గడ్డి చాలు. చెట్టు వేళ్ళు కుళ్ళితే ఆ ఖాళీలే నీటికి దారి. ఉన్న పెద్ద చెట్లను కూడా నీ అంతట నువ్వు కొట్టించకు, మొద్దు లోపల ఉండిపోతే అదే ప్రమాదం. ఎలుకల బొరియలు, ఎండ్రకాయల కన్నాలు కనబడితే ఎప్పటికప్పుడు పూడ్పించు. కట్టకు అడ్డంగా, నీటి వైపు నుంచి పొడి వైపుకు, పగులు కనబడితే మాత్రం పూడ్చి ఊరుకోకు, ఇంజనీరుకు చూపించు.

బోట్లు, ఈతగాళ్ళు అలుగు దగ్గరికీ తూము దగ్గరికీ రాకుండా నీటి మీద తేలే బోయాల వరస కట్టించు. లైఫ్ జాకెట్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

దిగువన ఉన్న ఇళ్ళ జాబితా నీ దగ్గర ఉందా? అర్ధరాత్రి వానలో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు లేకపోతే ఎవరు, ఖాళీ చేయమని చెప్పే అధికారం ఎవరిది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించు. ఆ నంబర్లకు ఆరునెల్లకోసారి నిజంగానే ఫోన్ చేసి చూడు, సగం మారిపోయి ఉంటాయి.

కట్ట డ్రాయింగులు దొరికితే ఫోటోలు తీసి పంపు. తూము గేటు చివరిసారి ఎప్పుడు తెరిచారో కనుక్కో. ఎవరికీ గుర్తులేదంటే నాకు చెప్పు, వానలు మొదలవకముందే మెకానిక్‌ను వెంటబెట్టుకుని వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న