గ్యారేజీ ఎగ్జాస్ట్ ఫ్యానుకు చేతి స్విచ్చి, థర్మోస్టాట్ రెండూ ఎలా కలపాలి?

హనుమకొండలో కారు షెడ్డుకు పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను వేడెక్కితే దానంతట అదే తిరగాలి, కావాలనుకున్నప్పుడు మనమూ వేసుకోగలగాలి. ఇదీ మీ ప్రశ్న.

థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి కరెంటును కలిపే, తెంపే పరికరం. దానికి సమాంతరంగా మామూలు స్విచ్చి కలిపినా పని జరుగుతుంది గానీ, అప్పుడు ఫ్యానును పూర్తిగా ఆపే దారి ఉండదు. అందుకే మెట్ల దగ్గర వాడే టూ-వే స్విచ్చి మేలు. ఎర్ర తీగను, అంటే ఫేజును, ముందు ఒక మామూలు స్విచ్చి గుండా తెచ్చి టూ-వే మధ్య టెర్మినల్‌కు బిగించాలి. పక్క టెర్మినళ్లలో ఒకటి నేరుగా ఫ్యానుకు వెళుతుంది. రెండోది థర్మోస్టాట్‌లోకి వెళ్లి, అవతల బయటికొచ్చి అదే ఫ్యాను తీగతో కలుస్తుంది. నల్ల తీగ, అంటే న్యూట్రల్, ఏ స్విచ్చినీ తాకకుండా ఫ్యానుకు, పచ్చ తీగ ఎర్తింగుకు. డిజిటల్ థర్మోస్టాట్ అయితే దానికీ న్యూట్రల్ ఇవ్వాలి.

కొనేటప్పుడు వేడి పెరిగితే కలిసే రకమే అడగండి. గీజరులోది దీనికి తలకిందులు, వేడెక్కితే తెగుతుంది.

35 డిగ్రీల దగ్గర పెడితే మే నెల వరంగల్ ఎండకు ఫ్యాను పగలంతా ఆగదు. బయట 40 దాటాక లోపలికొచ్చేదీ వేడిగాలే కదా! రేకుల షెడ్డుకు 42 దగ్గర పెట్టి చూడండి. గాలి లోపలికి రావడానికి కింద జాలీ తప్పనిసరి.

ఎంసీబీ దించి, టెస్టరుతో చూశాకే తీగలు ముట్టుకోండి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఫ్యాను ఉంది కదా అని షట్టరు మూసి ఇంజిను నడపవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.