తోడల్లుడికి కప్పిన శాలువా

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. వయసు 44. మా తోడల్లుడు ఎంపీపీ అయినప్పట్నుంచీ అత్తగారింట్లో ఏ శుభకార్యమైనా ముందు వరస కుర్చీ, మొదటి శాలువా ఆయనకే. మా ఆవిడ కూడా పోల్చడం మొదలెట్టింది. అసలు వెళ్లాలనిపించడం లేదు.

జవాబు: సరిగ్గా ఈ బాధ గురించే ఎపిక్టెటస్ మాట్లాడాడు. రోమ్‌లో బానిసగా బతికి, తర్వాత గ్రీసులోని నికోపోలిస్‌లో పాఠాలు చెప్పిన స్టోయిక్, అంటే మన చేతిలో లేనివాటి కోసం కుమలొద్దనే తత్వవేత్త, ఆయన. విందులో నాకన్నా ముందు ఇంకొకడికి మర్యాద జరిగిందే అని కుమిలేవాళ్లకి కూరల కొట్టు లెక్క చెప్పాడు. ఒకడు ఓబోల్ నాణెం ఇచ్చి లెట్యూస్ ఆకు పట్టుకెళ్లాడు. మీరివ్వలేదు, నాణెం మీ దగ్గరే ఉంది. మీకొచ్చిన నష్టమేమిటి?

ఒక కాగితం తీసుకుని తోడల్లుడు కట్టిన ధర రాయండి: ఎన్నికల ఖర్చు, అర్ధరాత్రి ఫోన్లు, పెద్ద నాయకుల గుమ్మం దగ్గర పడిగాపులు. మీరైతే ముందు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి. ఆ ధర కట్టనందుకు మీ దగ్గర మిగిలినవేమిటో పక్కనే రాయండి. అంతా చూశాక కూడా పదవే కావాలనిపిస్తే ప్రయత్నించండి, స్టోయిక్కులు వద్దనరు. వాళ్లలో ఒకడైన మార్కస్ అరేలియస్ క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమన్ చక్రవర్తే. కాకపోతే తన ఊదారంగు రాజవస్త్రం నత్త నెత్తుట్లో ముంచిన గొర్రె బొచ్చేనని తనకు తాను చెప్పుకునేవాడు. ఆ శాలువానీ ఒకసారి అలా చూడండి.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. "పదవులెందుకండీ, మంచితనం ముఖ్యం" అని నలుగురిలో అనడం మొదలెడతారు. అది అందని ద్రాక్ష, పైగా పేరు అక్కర్లేదన్న పేరు కోసం పాకులాట. ఎవరితోనూ అనకండి, మీ ఆవిడతో అసలే వద్దు.

వచ్చే ఫంక్షన్‌కి బయల్దేరే ముందే రెండు పనులు అనుకోండి: తోడల్లుణ్ణి వెటకారం లేకుండా పలకరించడం, వడ్డనలో ఓ చెయ్యి వెయ్యడం. ఏ వరసలో కూర్చోబెడతారో మీ చేతిలో లేదు. ఆ రాత్రి దీపం ఆర్పాక పది నిమిషాలు రోజంతా నెమరు వేసుకోండి. సెనెకా అనే ఇంకో రోమన్ స్టోయిక్ అలవాటది, సంగతి తెలిసిన భార్య ఆ కాసేపూ మాట్లాడేది కాదు. ఎక్కడ మాట తూలానా అని చూసుకుని, ఈసారికి క్షమించాను, మళ్లీ చెయ్యకు అని తనకు తానే చెప్పుకునేవాడు. అలా తనను తాను క్షమించుకోవడం వదిలేస్తే మాత్రం నిద్ర చెడుతుంది.

ఇక మీ ఆవిడ. ఆవిడకి కావలసింది పదవి కాకపోవచ్చు. పుట్టింట్లో మీరు ముభావంగా ఓ మూల కూర్చుంటే అక్కచెల్లెళ్లకి జవాబు చెప్పుకోవలసింది ఆవిడే. ఏం కష్టంగా ఉందో అడగండి. అడిగేటప్పుడు తోడల్లుడి ఊసెత్తకండి.