లోపల ఒకటి, బయట ఒకటి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ ఉంది. చర్చిలో కనిపించే మనిషి వేరు, తలుపు వేసుకున్నాక ఉండే మనిషి వేరు, ఈ రెండింటి మధ్య నలిగిపోతున్నాం అని రాశారు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. ఎవరి పేరూ వేయడం లేదు, ఎవరినైనా గుర్తుపట్టేలా ఉన్న వివరాలూ తీసేశాను.

ప్రశ్న: అన్నా, వందనాలు. మా చర్చిలో పాటలు నడిపిస్తాను, యూత్ మీటింగుల్లో అప్పుడప్పుడు వాక్యం కూడా చెప్తాను. కొన్నేళ్లుగా రాత్రిపూట ఫోన్‌లో అశ్లీల వీడియోలు చూసే అలవాటుంది. శనివారం రాత్రి ఏడ్చి ప్రార్థన చేసుకుంటాను, ఫోన్‌లో హిస్టరీ అంతా డిలీట్ చేస్తాను, ఆదివారం పొద్దున్న మైకు పట్టుకుంటాను. ఎవరైనా వచ్చి "నీ పాట వింటుంటే కన్నీళ్లొచ్చాయి తమ్ముడూ" అంటే సిగ్గుతో చితికిపోతాను. రెండు మూడు రోజులు గడిస్తే మళ్లీ మామూలే. నేను వేషధారినా? దేవుడు నన్ను వదిలేశాడా?

జవాబు: తమ్ముడూ, రెండో ప్రశ్నకి ముందు చెప్తాను. వదిలేయలేదు. 32వ కీర్తనలో దావీదు, పాపం ఒప్పుకోకుండా నోరు మూసుకుని ఉన్న రోజుల గురించి ఏం రాశాడో చూడు: "దివారాత్రులు నీ చెయ్యి నామీద బరువుగా నుండెను." ఎముకలు క్షీణించాయి, ఒంట్లో సారమంతా ఎండిపోయింది, కానీ ఆ బరువు ఎవరిదో ఆయనకి తెలుసు. నువ్వు మోస్తున్న బరువు కూడా అదే. నిజంగా వదిలేసి ఉంటే ఆ మెచ్చుకోలు విని నువ్వు హాయిగా నవ్వుకుని ఇంటికెళ్లేవాడివి.

ఇక మొదటి ప్రశ్న. పడిపోయిన ప్రతివాడూ వేషధారి అయితే రోమా పత్రిక ఏడో అధ్యాయంలో "చేయగోరని కీడు చేయుచున్నాను" అని రాసిన పౌలుని కూడా ఆ లెక్కలోనే వేయాలి. మత్తయి 23లో యేసు ప్రభువు అంత కోపంగా మాట్లాడింది ఏడుస్తున్నవాళ్లతో కాదు, గిన్నె బయట మాత్రం తళతళలాడేలా తోముకుని, లోపల ఏముందో చూసుకునే ఉద్దేశమే లేనివాళ్లతో. ఇక్కడితో ఆపేస్తే నీకు ఊరటగానే ఉంటుంది, కానీ నేను ఆపను, ఎందుకంటే నీ ఉత్తరంలో నువ్వు ఒక్క ముక్కలో రాసేసి దాటిపోయిన సంగతి ఒకటుంది.

హిస్టరీ ఎవరి కోసం డిలీట్ చేస్తున్నావు? దేవుడికి నీ ఫోన్ హిస్టరీతో పని లేదు. అమ్మ కంట పడకూడదని, ఫ్రెండ్ ఎవడైనా ఫోన్ అడిగితే దొరికిపోకూడదని చేస్తున్నావు. ఒకే రాత్రి, అదే మంచం మీద కూర్చుని, కళ్లతో ఏడుస్తూ వేలితో వచ్చే వారానికి దారి తెరిచి పెట్టుకుంటున్నావు. వేషధారణ మొదలయ్యేది అక్కడే. రెండో సమూయేలు 11వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదువు. దావీదు బత్షెబతో చేసిన పాపం నాలుగైదు వచనాల్లో అయిపోతుంది. మిగతా అధ్యాయం దాదాపు మొత్తం దాన్ని కప్పిపుచ్చే ఏర్పాట్లే: ఆమె భర్త ఊరియాని యుద్ధం నుంచి పిలిపించడం, క్షేమం అడగడం, ఇంటికి పొమ్మనడం, వెళ్లకపోతే తాగించడం, చివరికి అతన్ని చంపించే ఉత్తరం అతని చేతికే ఇచ్చి పంపడం. దావీదు మేడ మీద నుంచి చూసిన సాయంత్రం హంతకుడు కాదు, దాచుకోవాలనుకున్నాక అయ్యాడు.

ఇంకొకటి, ఇది చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. నీ శనివారం ప్రార్థన ఆదివారానికి టికెట్ లాగా మారిపోయింది. కన్నీళ్లు నిజమైనవే, అనుమానం లేదు. కానీ "వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును" అని సామెతలు 28:13 అంటుంది, నువ్వు ఒప్పుకోవడం దగ్గరే ఆగి వారం వారం తిరుగుతున్నావు.

ఒక్క మనిషికి చెప్పు. "దేవుడికి చెప్పుకున్నాను కదా, మళ్లీ మనిషికెందుకు?" అని అడుగుతావు, చాలామంది అడుగుతారు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16లో ఉంది, స్వస్థత పొందడం గురించి కూడా ఆ వచనంలోనే ఉంది. 1738లో, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ చిన్న చిన్న గుంపుల కోసం నియమాలు రాసినప్పుడు ఈ వచనాన్నే ఆధారం చేసుకున్నాడు. ఆ గుంపులవాళ్లు వారానికొకసారి కలిసేవారు, మగవాళ్లు వేరుగా, ఆడవాళ్లు వేరుగా. పోయినసారి కలిసిన తర్వాత నీకు తెలిసి ఏ పాపం చేశావు, ఏ శోధన వచ్చింది, దానిలోంచి ఎలా బయటపడ్డావు అని ప్రతి ఒక్కరినీ అడిగేవారు. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి ప్రశ్నలు. నిన్ను అలా అడిగే మనిషి ఈ రోజు ఒక్కరైనా ఉన్నారా? మన ప్రార్థన కూటాల్లో ఉద్యోగం కోసం, ఆరోగ్యం కోసం, వీసా కోసం విన్నపాలు వస్తాయి, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

నీకంటే పెద్దవాడు, మగవాడు, నోరు కట్టేసుకోగలవాడు కావాలి. ప్రార్థన విన్నపం పేరుతో పదిమందికి చేరవేసేవాళ్లు వద్దు. చెప్పేటప్పుడు "కొన్ని బలహీనతలున్నాయి బ్రదర్, ప్రార్థించండి" అనవద్దు, ఆ మాట కూడా ముసుగే. ఏం చూస్తున్నావో, ఎప్పటినుంచో, వారంలో ఎన్నిసార్లో చెప్పు. ఫోన్ రాత్రి నీ గదిలో ఉండకూడదు. అలాంటి సైట్లు తెరుచుకోకుండా ఆపే బ్లాకర్ పెట్టుకుంటే పాస్‌వర్డ్ ఆయన దగ్గర ఉండాలి. మళ్లీ పడితే శనివారం దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చెయ్యి. ఇంత చేసినా అలవాటు నీ చేయి దాటిపోతోందని అనిపిస్తే మంచి కౌన్సెలర్‌ని కలువు, అలా వెళ్లినంత మాత్రాన విశ్వాసం లేనట్టు కాదు.

స్టేజి సంగతి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. పాస్టర్‌గారికి చెప్పి కొన్ని నెలలు దిగిపో. ఇది శిక్షగా అనుకోకు. ఆ మైకు ప్రతి ఆదివారం "నువ్వు బాగానే ఉన్నావు" అని నీకు సర్టిఫికెట్ ఇస్తోంది, అది లేకుండా నువ్వు దేవుడి ముందు ఎలా ఉన్నావో నీకు తెలియాలి. జనం మధ్యలో కూర్చుని పాడు. మళ్లీ నిలబడే రోజు ఎప్పుడన్నది నువ్వు కాకుండా నీ కాపరి చెప్పనీ.

ప్రశ్న: చర్చి లెక్కలు నేనే చూస్తాను. ఒకసారి ఇంట్లో బాగా ఇబ్బందై కానుకల డబ్బులోంచి కొంత వాడుకున్నాను. తర్వాత పైసాతో సహా తిరిగి పెట్టేశాను. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టమూ లేదు. ఇప్పుడు చెప్తే అనవసరమైన గొడవ కదండీ?

జవాబు: గొడవ కావచ్చు. అయినా చెప్పండి. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో ఇలాంటి దానికి మూడు పనులున్నాయి: చేసిన పాపం ఒప్పుకోవాలి, మొత్తం తిరిగివ్వాలి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. మీరు మధ్యలోది ఒక్కటే చేసి లెక్క సరిపోయిందంటున్నారు. నష్టం లేదన్న మాట కూడా ఒప్పుకోలేను, ఎందుకంటే అవసరం వస్తే ఆ పెట్టెలోంచి తీసుకోవచ్చని మీ చేతికి తెలిసిపోయింది, ఇబ్బంది మళ్లీ రాదన్న హామీ లేదు. పాస్టర్‌గారి ముందు, పెద్దల ముందు చెప్పండి. లెక్కల పని వదిలేస్తానని మీరే అనండి. ఇక మీద కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టాలనే మాట కూడా మీ నోటి నుంచే రావాలి. యెరూషలేముకు చందా పంపేటప్పుడు పౌలు ఒక్కడే ఆ డబ్బు పట్టుకెళ్లకుండా తోడుగా సంఘాలు ఏర్పరచిన మనిషిని పెట్టుకున్నాడు, "ప్రభువు దృష్టియందు మాత్రమే గాక మనుష్యుల దృష్టియందును" యోగ్యంగా ఉండాలని రెండో కొరింథీ 8లో కారణం కూడా రాశాడు. అపొస్తలుడికే ఆ జాగ్రత్త అవసరమైంది.

ప్రశ్న: నాలో ఉన్న పాపం గుర్తొచ్చి చాలాకాలంగా ప్రభువు బల్లలో (రొట్టె, పాత్ర తీసుకునే ఆరాధనలో) చేయి వేయడం లేదు. అపాత్రంగా తీసుకోవడం కంటే తీసుకోకపోవడమే మంచిది కదా?

జవాబు: మొదటి కొరింథీ 11:28 పూర్తిగా చదవండి. "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్నాక "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అని ఉంది. పరీక్షించుకుని దూరంగా కూర్చోమని లేదు. మీరు భయంతో దూరంగా ఉంటున్నారు, ఆ భయం మంచిదే, కానీ నెలలు గడిచేకొద్దీ పాపం అలాగే ఉండి బల్ల మాత్రం దూరమైతే లాభం ఎవరికి? ఈ వారమే ఆ విషయం తేల్చుకుని రండి.

ప్రశ్న: అన్నయ్యా, నా భర్త సంఘ పెద్ద. ఆయన ప్రార్థన చేస్తే అందరూ ఆమేన్ అంటారు. ఇంటికొచ్చాక బూతులు, కొట్టడం. ఒకసారి కొట్టిన అరగంటకే ఫోన్‌లో ఎవరికో ధైర్యం చెప్తూ కుటుంబ ప్రార్థన చేయించారు, పక్క గదిలో చెంపకి తడిగుడ్డ పెట్టుకుని విన్నాను. ఒక పెద్దావిడకి చెప్తే "ప్రేమ అనేక పాపములను కప్పును అమ్మా, బయట పెట్టకు" అన్నారు. దాచడమే ప్రేమా?

జవాబు: చెల్లెమ్మా, కాదు. ఆ వచనాన్ని మీ మీద అలా వాడినందుకు నాకు చాలా బాధగా ఉంది. పేతురు మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలోని ఆ మాట, మనుషుల మధ్య వచ్చే తప్పుల్ని పట్టుకుని సాగదీయకుండా క్షమించుకోవడం గురించి. దెబ్బల్ని దాచిపెట్టి దెబ్బలు కొట్టే చేతికి కాపలా కాయమని కాదు. అదే పత్రిక మూడో అధ్యాయంలో అదే పేతురు భర్తలతో ఏమన్నాడో ఆ పెద్దావిడకి చదివి వినిపించాల్సింది: "మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు" భార్యను సన్మానించి కాపురం చేయమన్నాడు. భార్యతో చెడ్డగా ఉండేవాడి ప్రార్థనకే అడ్డం పడుతుందని రాసి ఉంది. చర్చి అంతా ఆమేన్ అన్నా సరే. సంఘాధ్యక్షుడు "కొట్టువాడు" కాకూడదని, తన ఇంటిని చక్కగా ఏలేవాడై ఉండాలని తిమోతి మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఉంది కాబట్టి, నేనైతే ఆయన్ని ఆ స్థానంలో ఒక్క ఆదివారం కూడా ఉంచను.

ముందు మీ క్షేమం చూసుకోండి. ఈ రోజు ప్రాణభయం ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఇంట్లోంచి బయటికి రండి, పుట్టింటికో నమ్మకమైనవాళ్ల ఇంటికో వెళ్లండి, పోలీసులకి చెప్పండి. భార్యని కొట్టడం నేరం, నేరాన్ని నేరమని చెప్పినందుకు దేవుడు మీ మీద కోప్పడడు. దెబ్బలకి డాక్టర్ దగ్గర చూపించుకుంటే ఎలా తగిలాయో నిజం చెప్పండి, ఆ కాగితాలు దాచుకోండి. తర్వాత సంఘ కాపరికి చెప్పండి, వీలైతే ఒక్కరే వెళ్లకుండా తోడు తీసుకెళ్లండి. ఆయన కూడా "సర్దుకుపో అమ్మా" అంటే ఆయన పైవాళ్ల దగ్గరికి వెళ్లండి. మీ భర్త ఏడ్చి కాళ్లు పట్టుకున్నంత మాత్రాన తిరిగి వెళ్లిపోవద్దు. పెద్దరికం వదులుకుంటారా, నలుగురి ముందు ఒప్పుకుంటారా, సాయం తీసుకుంటారా, మీరు దూరంగా ఉన్న నెలల్లో బెదిరించకుండా ఉంటారా, ఇవి చూడండి. క్షమించడానికి మీకు టైమ్ కావాలి, దాని కోసం ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టకూడదు.

ప్రశ్న: రవి జకరయాస్ ప్రసంగాలు విని నేను ప్రభువుని నమ్ముకున్నాను. ఆయన గురించి బయటికొచ్చినవి చదివాక నా విశ్వాసం కూడా అబద్ధమేమో అనిపిస్తోంది. అసలు చనిపోయిన సేవకుడి తప్పులు బయటపెట్టడం వల్ల దేవుడి నామానికి అవమానం కాదా?

జవాబు: తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఆయన చాలా దేశాల్లో పేరున్న క్రైస్తవ ప్రసంగీకుడు, 2020 మేలో చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో, ఆయన సంస్థే పెట్టించిన లాయర్ల విచారణలో, ఏళ్ల తరబడి ఆయన స్త్రీల పట్ల లైంగికంగా తప్పుగా ప్రవర్తించారని తేలింది. అంతకుముందు 2017లోనే ఒక స్త్రీ ఆరోపణ చేసింది. ఆయన ఆమె మీదే కేసు వేశారు, అది బయట మాట్లాడకూడదన్న ఒప్పందంతో ముగిసింది, సంస్థ ఆయన మాటే నమ్మింది. విచారణ తర్వాత ఆ సంస్థ బోర్డు తాము తప్పు చేశామని క్షమాపణ చెప్పింది.

ఇప్పుడు చెప్పండి, అవమానం ఎప్పుడు జరిగింది? నివేదిక వచ్చిన రోజా? ఆ పనులు జరిగిన రోజున జరిగింది, ఆ స్త్రీని అబద్ధాలకోరుగా చూసిన ఏళ్లలో ఇంకా పెరిగింది. దేవుడు తన సొంత గ్రంథంలో దావీదు పాపాన్ని దాచలేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గితే, ఆ వేషధారణలో బర్నబా కూడా పడిపోతే, పౌలు అందరి ఎదుటే నిలదీశాడు, అది గలతీ పత్రికలో శాశ్వతంగా రాసి ఉంది. దాంతో సంఘం కూలిపోలేదు. పాపం చేస్తూ ఉండే పెద్దల్ని అందరి ఎదుట గద్దించమని కూడా తిమోతికి రాశాడు, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే ఆరోపణ తీసుకోమన్న జాగ్రత్తతో పాటు. సాక్షుల గురించిన మాటని మనవాళ్లు సేవకుల్ని కాపాడటానికి తెగ వాడతారు, గద్దించమన్న మాట మర్చిపోతారు.

మీ విశ్వాసం సంగతికొస్తే, అసూయతో క్రీస్తుని ప్రకటించేవాళ్లు ఉన్నారని పౌలుకి తెలుసు, అయినా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడని సంతోషించాడు. మీరు నమ్మిన ప్రభువు ఆ ప్రసంగీకుడి సొత్తు కాదు. ఆ వీడియోలు మళ్లీ వినాలని లేకపోతే వినకండి, ఆయన చెప్పింది నిజమా కాదా అని వాక్యం తెరిచి సొంతంగా చూసుకోండి. ఇంకో పని కూడా చేయండి. మీ సంఘంలో కాపరిని డబ్బు గురించి, ఒంటరి ప్రయాణాల గురించి, ఫోన్ గురించి సూటిగా అడగగలిగే మనిషి ఎవరున్నారో కనుక్కోండి. ఎవరూ లేకపోతే వచ్చే పెద్దల మీటింగులో ఆ మాట మీరే ఎత్తండి, కాపరిగారు కూడా ఉన్నప్పుడే, మర్యాదగా.