పాఠకుల ప్రశ్నలు: ఆఫీసు కరెంటు ఎక్కడికి పోతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పంచాయతీలు, ఆస్పత్రులు, బడుల కరెంటు గురించే. జవాబుల్లో రెండు లెక్కలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి ముందే చెబుతున్నాం. మన గ్రిడ్ కరెంటు ఒక యూనిట్ వాడితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. లీటరు డీజిల్ కాలిస్తే 2.7 కిలోలు.

ప్రశ్న: మా ఊళ్ళో వీధిలైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్చాం. ఆఫీసు ట్యూబులూ మార్చాం. అయినా మంచినీళ్ళ సర్వీసు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. మోటారు మార్చమని ఒకరు, సోలార్ పెట్టమని మరొకరు. ముందేం చెయ్యాలి?
– పంచాయతీ కార్యదర్శి, రాజోలు మండలం

ముందు ఏదీ కొనకండి. ఒక పూట పంపు షెడ్డులో కూర్చోండి. లైట్లు మార్చితే ఫొటోకు బాగుంటుంది. షెడ్డులో తలుపు చాటున పంపు తినేది మాత్రం ఎవరి కంటా పడదు.

మన వైపు చాలా ఊళ్ళలో నీళ్ళను రెండుసార్లు ఎత్తుతాం. చెరువు నుంచి ఫిల్టర్లకు ఒకసారి, సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఇంకోసారి. ఎత్తు ఎక్కువ రెండోదానికే గనక దానితో మొదలుపెట్టండి. కొలిచే టేపు, వాచీ, డెలివరీ పైపు మీద పనిచేసే ప్రెజర్ గేజి ఉంటే చాలు. ట్యాంకు నుంచి ఊళ్ళోకి వెళ్ళే వాల్వు పూర్తిగా కట్టేసి, పది నిమిషాలు నీటిమట్టం కదలకుండా ఉందో లేదో చూడండి. కదిలితే వాల్వు కారుతున్నట్టే, ముందు దాని పని చూడాలి. తర్వాత మట్టమూ మీటరు రీడింగూ రాసుకుని మోటారు వెయ్యండి. 40 నిమిషాలయ్యాక ఆపి రెండూ మళ్ళీ రాసుకోండి. మీటరులో దశాంశాలు కనిపించకపోతే దాని ఎర్రలైటు మినుకులు లెక్కపెట్టండి, యూనిట్‌కు ఎన్ని మినుకులో మీటరు మీదే రాసి ఉంటుంది. సీటీ మీటరైతే (కరెంటును ట్రాన్స్‌ఫార్మరు ద్వారా తగ్గించి కొలిచేది) దాని గుణకంతో హెచ్చవేయడం మరిచిపోవద్దు.

ట్యాంకు లోపలి వ్యాసం 5 మీటర్లు, మట్టం ఒక మీటరు పెరిగింది అనుకుందాం. ఎక్కిన నీళ్ళు 19.6 కిలోలీటర్లు. మీటరు 4.9 యూనిట్లు తిరిగిందంటే వెయ్యి లీటర్లకు 0.25 యూనిట్ అయినట్టు. డెలివరీ గేజి 2.2 కేజీ (చదరపు సెంటీమీటరుకు) చూపిస్తే అది 22 మీటర్ల ఎత్తు. సంపులో నీటిమట్టం నుంచి పంపు మధ్యకు 3 మీటర్లు కలిపితే 25. వెయ్యి లీటర్లను ఒక మీటరు ఎత్తడానికి ఏ నష్టమూ లేకపోతే 0.002725 యూనిట్ చాలు. ఆ లెక్కన 25 మీటర్లకు కావలసింది 0.068, మీరు పెట్టింది 0.25. వంద రూపాయలు పెట్టి 27 రూపాయల పని చేయించుకుంటున్నారన్న మాట. ఈ సైజులో మంచి పంపుసెట్టు 50 నుంచి 55 రూపాయల పని చేస్తుంది. రోజుకు 120 కిలోలీటర్లు ఎక్కించే ఊరికి 30 యూనిట్ల బదులు 16 సరిపోతాయి. ఏడాదికి 5,000 యూనిట్ల పైచిలుకు, కార్బన్ డయాక్సైడ్ మూడున్నర టన్నులు.

అలాగని 27 రాగానే కొత్త పంపుకు ఎస్టిమేటు వెయ్యకండి. నీళ్ళు తక్కువొస్తూ గేజి కూడా తక్కువ చూపిస్తుంటే జబ్బు పంపులోనో సక్షన్ (నీళ్ళు పీల్చే) వైపో ఉంది. వరదలప్పుడు ఎర్రనీళ్ళతో వచ్చే సన్న ఇసుక, ఇంపెల్లర్ (నీళ్ళను తోసే చక్రం) చుట్టూ ఉండే వేర్ రింగులను అరగదీస్తుంది. అప్పుడు ఇంపెల్లర్ తోసిన నీళ్ళలో కొంత మళ్ళీ సక్షన్ వైపే జారిపోతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రింగులు మార్చడం కొత్త పంపు ఖర్చులో చిన్న భాగం. సక్షన్ పైపు జాయింటు దగ్గర గాలి పీల్చినా ఇంతే. గ్లాండు (షాఫ్టు పంపులోకి వెళ్ళే చోట ఉండే బిగింపు) నుంచి చుక్క చుక్కగా నీళ్ళు పడాలి. నేల తడుస్తోందని ఆపరేటరు దాన్ని బిగించేస్తే షాఫ్టు స్లీవు (షాఫ్టు మీది తొడుగు) అరిగి కూర్చుంటుంది.

గేజి ఉండవలసిన దానికన్నా ఎక్కువ చూపిస్తుంటే కథ వేరు. ట్యాంకు 18 మీటర్ల ఎత్తులో ఉంటే గేజి 4 కేజీ చూపించడానికి కారణం లేదు. డెలివరీ వాల్వు సగం కట్టి ఉందన్నా నమ్మాలి, పైపు పూడుకుపోయిందన్నా నమ్మాలి. అప్పుడు పై లెక్కలో శాతం బాగానే వస్తుంది, ఎందుకంటే పంపు తన పని తాను చేస్తోంది. వృథా అంతా వాల్వు దగ్గరే. వాల్వు ఎందుకు కట్టారో ఆపరేటర్ని అడగండి. తెరిస్తే ఆంపియర్లు పెరిగి స్టార్టరు ట్రిప్ అవుతోందంటే, అవసరానికి మించిన హెడ్ (నీళ్ళను ఎత్తగల ఎత్తు) ఉన్న పంపు కొన్నారని అర్థం. "ముందు ముందు పనికొస్తుంది సార్" అని 45 మీటర్ల పంపును 25 మీటర్ల పనికి అంటగట్టడం కొత్త కాదు. ఇండెంటులో హెచ్‌పీ కాదు, హెడ్డూ డిశ్చార్జీ రాయండి: 25 మీటర్లు, సెకనుకు 8 లీటర్లు. పైన చెప్పిన పనికి ఇప్పుడు 10 హెచ్‌పీ మోటారు తిరుగుతోంది, సరైన పంపు ఉంటే 5 హెచ్‌పీ చాలు. మోటారు ఐఈ3 (ఎక్కువ సామర్థ్యపు తరగతి) రకం అడగండి. పాతదాన్ని పదే పదే రీవైండింగ్ చేయించి వాడటంలో లాభం లేదు. తీగ ఊడదీయడానికి స్టాంపింగులను (మోటారు లోపలి ఇనుప రేకులను) మంటలో కాల్చే షెడ్డులో అయితే ప్రతిసారీ దాని సామర్థ్యం ఒక మెట్టు దిగుతుంది.

చెరువు పంపును ఏడాదికి రెండుసార్లు కొలవాలి. నిండు చెరువుతో ఒకసారి, కాలువలు కట్టేశాక మే నెలలో ఒకసారి. మట్టం దిగేకొద్దీ సక్షన్ ఎత్తు పెరుగుతుంది, ఆరేడు మీటర్లు దాటితే పంపు లాగలేదు. లోపల కంకర దొర్లినట్టు చప్పుడు వస్తే ఇంపెల్లర్‌ను నీటి బుడగలు కొరుకుతున్నాయని గ్రహించండి.

ఇంకొకటి: పై ట్యాంకు పొర్లుతుంటే నిమిషానికి 490 లీటర్లు, 0.12 యూనిట్ డ్రెయినులో పోసినట్టే. ఫ్లోట్ స్విచ్చి పెట్టించండి. సోలార్ సంగతి ఇవన్నీ అయ్యాక. 27 శాతం పంపుకు సోలార్ పెడితే ప్యానెళ్ళు రెట్టింపు కొనాలి.

ప్రశ్న: మా వాటర్‌వర్క్స్ బిల్లులో కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్ అని రెండు అంకెలుంటాయి. కెపాసిటర్లు పెడితే బిల్లు బాగా తగ్గుతుందని, కాలుష్యమూ అంతే తగ్గుతుందని అమ్మేవాళ్ళు అంటున్నారు. నిజమేనా?
– సీనియర్ అసిస్టెంటు, భీమవరం

బిల్లు మాట నిజం. కాలుష్యం మాట కాదు.

కేడబ్ల్యూహెచ్ మోటారు నిజంగా వాడుకున్న కరెంటు, కేవీఏహెచ్ లైను నుంచి లాగిన మొత్తం. మొదటి అంకెను రెండోదానితో భాగించండి. 3,000ను 3,850తో భాగిస్తే 0.78, అదే మీ పవర్ ఫ్యాక్టరు. మీకు బిల్లు కేవీఏహెచ్ మీద వేస్తుంటే డబ్బు కడుతున్నది 3,850కి. కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టరును 0.97కు తెస్తే అది 3,093 అవుతుంది, నెలకు 757 యూనిట్ల డబ్బు మిగులుతుంది. కానీ మోటారు తినే అసలు కరెంటు అప్పుడూ 3,000 యూనిట్లే. కేబుళ్ళలో వేడి కాస్త తగ్గుతుంది, అంతే. నివేదికలో కార్బన్ ఆదా కింద 757 యూనిట్లు రాస్తే అది తప్పు లెక్క.

కెపాసిటరును వీలైనంత మోటారు దగ్గరే, స్టార్టరు తర్వాత, మోటారుతో పాటు ఆగేలా కలపాలి. మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తీసుకునే మాగ్నెటైజింగ్ కేవీఏఆర్‌లో (అయస్కాంత క్షేత్రం కోసం లాగే, పని చెయ్యని కరెంటు కొలత) 90 శాతానికి మించి పెట్టొద్దు. మించితే కరెంటు పోయిన క్షణంలో మోటారు జనరేటరులా మారి వోల్టేజి ఎగదన్నుతుంది. స్టార్-డెల్టా స్టార్టరుంటే ఎక్కడ కలపాలో తెలిసినవాళ్ళే చెయ్యాలి. పెట్టి వదిలేస్తే సరిపోదు, కెపాసిటర్లు చడీచప్పుడు లేకుండా చచ్చిపోతాయి. 440 వోల్టుల 5 కేవీఏఆర్ కెపాసిటరు 415 వోల్టుల దగ్గర ఫేజుకు సుమారు 6 ఆంపియర్లు తీసుకోవాలి. క్లాంప్ మీటరులో 3 చూపిస్తే మార్చండి. ముట్టుకునే ముందు స్విచ్చి ఆపి కనీసం ఒక నిమిషం ఆగి, టెస్ట్ ల్యాంపుతో చూసుకోవాలి.

హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసైతే కాంట్రాక్ట్ డిమాండు (ఒప్పందంలో రాయించుకున్న గరిష్ఠ లోడు) కూడా చూడండి. నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు, కాంట్రాక్ట్‌లో 80 శాతం – ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. పాత రోజుల్లో రాయించుకున్న పెద్ద అంకెకు ఇంకా కడుతున్న ఆఫీసులు ఉంటాయి.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆఫీసు మాది. రెండు ఒకటిన్నర టన్నుల ఏసీలకూ ప్రతి మార్చిలో గ్యాస్ ఎక్కించాల్సిందేనంటున్నాడు మెకానిక్. ఎక్కిస్తే మళ్ళీ చల్లగానే ఉంటున్నాయి.
– నరసాపురం

ఏసీలో గ్యాసు బండిలో పెట్రోలు కాదు, ఖర్చైపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. నాలుగు లీకు ఏసీలున్న ఆఫీసు ఎల్‌ఈడీలతో మిగిల్చింది ఇందులోనే పోగొట్టుకుంటుంది. ఒక కిలో ఆర్-410ఏ గాలిలో కలిస్తే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 3,000 యూనిట్ల కరెంటు వాడినంత. పాత ఆర్-22కు ఆ అంకె 1,810, ఇప్పటి ఆర్-32కు 675. పైగా గ్యాసు తగ్గిన ఏసీ గదిని చల్లబరచలేక రోజంతా తిరుగుతూనే ఉంటుంది.

ఉప్పుగాలికి బయటి యూనిట్ కాయిలు వంపుల దగ్గర, ఫ్లేర్ నట్ల దగ్గర పచ్చగా చిలుము పట్టి పిన్నుపోటంత రంధ్రాలు పడతాయి. నూనె మరక, దానికంటిన దుమ్ము కనిపిస్తే లీకు అక్కడే. మెకానిక్ చెయ్యాల్సిన వరుస ఇది: మిగిలిన గ్యాసును గాలిలోకి వదలకుండా రికవరీ సిలిండరులోకి తీయాలి. నైట్రోజన్‌తో నింపి, జాయింట్లకు సబ్బునీళ్ళు రాసి చూడాలి. ఆక్సిజన్‌తో నింపనివ్వకండి, లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది. లీకు అతికాక వాక్యూమ్ పంపు పెట్టి తేమ లాగేయాలి. చివరగా ప్లేటు మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించాలి. ఆర్-410ఏ రెండు వాయువుల మిశ్రమం కాబట్టి ద్రవరూపంలోనే ఎక్కించాలి. ఆర్-32కు మంట అంటుకునే గుణం కొంత ఉంది, బ్రేజింగ్ (మంటతో పైపు అతకడం) చేసేటప్పుడు లోపల గ్యాసు ఉండకూడదు. త్రాసు తేకుండా, వాక్యూమ్ పంపు లేకుండా గంటలో "అయిపోయింది సార్" అంటే వచ్చే మార్చిలో మళ్ళీ కలుస్తారు.

బయటి యూనిట్‌ను నెలకోసారి మంచినీళ్ళతో కడిగించండి. కొత్తవి కొంటే పూత వేసిన కాయిలున్నవి అడగండి. రిమోటు 24 దగ్గర ఉంచండి.

ప్రశ్న: మా హైస్కూలు డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టాలనుకుంటున్నాం. దక్షిణాన, పడమట కొబ్బరిచెట్లున్నాయి. కాస్త నీడ పడితే ఏం కాదంటున్నారు.
– ప్రధానోపాధ్యాయుడు, అమలాపురం

అవుతుంది. ప్యానెళ్ళను గొలుసుకట్టుగా కలుపుతారు కాబట్టి ఒకదాని మీద కొబ్బరిమట్ట నీడ పడినా నష్టం దాని వాటాతో ఆగకపోవచ్చు. మన అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. డాబాకన్నా 10 మీటర్లు ఎత్తున్న చెట్టు నీడ ఉత్తరానికి 8 మీటర్లకు పైగా పాకుతుంది. కాబట్టి మీరు చూడాల్సింది దక్షిణపు చెట్లను, పడమటివి మూడు గంటల తర్వాతే అడ్డం. డిసెంబరులో ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి డాబా మీద సుద్దతో నీడ గీయించండి. పిల్లలకు మంచి లెక్కల పాఠం. కాయ రాలి పడే దూరంలో ప్యానెల్ వద్దు.

నీడ లేకుంటే కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు, ఏడాదికి మొత్తం 7,000 వస్తాయి. సగం పండేది బడి మూసేశాక, సెలవుల్లోనే గనక నెట్ మీటరు (మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునేది) లేకుండా మొదలుపెట్టకండి. ఊళ్ళో కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది, అది లోపం కాదు, లైన్‌మన్ ప్రాణరక్షణ.

1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమలో కాంక్రీటు దిమ్మలు పేర్చి వాటి మీద స్టాండు నిలబెడతామంటే ఒప్పుకోవద్దు. మన తీరానికి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాల భారత ప్రమాణం) ప్రకారం సెకనుకు 50 మీటర్ల గాలికి డిజైను చెయ్యాలి. స్టాండు కాళ్ళు శ్లాబులో బిగించి, ఆ చోట నీరు దిగకుండా పూత వేయించండి. ఇనుముకు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత), బోల్టులకు స్టెయిన్‌లెస్ అని ఒప్పందంలో రాయించండి.

ప్రశ్న: పీహెచ్‌సీలో రాత్రిపూట టీకాల ఫ్రిజ్ ఆపితే కరెంటు మిగులుతుందా?
– తణుకు

ఆపకండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మిగుల్చుకోవాలంటే జనరేటరు వైపు చూడండి. నాలుగు ఫ్యాన్లకూ లైట్లకూ పెద్ద జనరేటరు వేస్తే లీటరుకు రెండు యూనిట్లు కూడా కష్టం, అంటే గ్రిడ్ కరెంటు కన్నా రెట్టింపు పొగ. ఆ చిన్న లోడును ఇన్వర్టరుకు మార్చండి.

ప్రశ్న: ఆఫీసులో కొత్తగా పెట్టిన బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఆర్నెల్లకే పోతున్నాయి.
– పాలకొల్లు

పాత రెగ్యులేటరు తీయకుండానే కలిపి ఉంటారు. లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండే ఈ ఫ్యాను వేగం రిమోటుతోనే మారాలి, దానికి నేరుగా పూర్తి వోల్టేజి వెళ్ళాలి. రెగ్యులేటరు తీయించి, దాని చోట డమ్మీ ప్లేటు పెట్టించండి. రిమోట్లను గోడకు తగిలించి పైన ఫ్యాను నంబరు రాయండి, లేకపోతే ఒక రిమోటుకు మూడు ఫ్యాన్లు తిరుగుతాయి.