ఒకే వైన్, సీసా సీసాకీ తేడా: డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటాం. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరం రెడ్ వైన్ సీసా 1,400 రూపాయల చొప్పున 6 కొన్నాం. మొదటిది బాగుంది. రెండోది ముక్కిపోయిన వాసన కొట్టింది. మూడోది ఇటుక రంగుకు తిరిగి, పుల్లగా ఉంది. మిగతా మూడు తెరవలేదు. ‘వైన్ అంటే అంతే, తెరిచింది వాపసు తీసుకోం’ అంటున్నాడు దుకాణదారు. బిల్లు ఉంది. మేం ఏం చేయొచ్చు?

జవాబు: డబ్బు అడిగే హక్కు మీకుంది. ముందు మాత్రం ఒక మాట. ఆ మూడు సీసాలు తెరవకండి, పాడైన రెండింటిలో మిగిలింది పారబోయకండి. మీ కేసు బలమంతా అందులోనే ఉంది.

దుకాణదారు చెప్పిందాంట్లో సగం నిజమే. బిరడా చెట్టు బెరడుతో చేసేది కాబట్టి ఏ రెండూ ఒకేలా గాలిని ఆపవు. ఏళ్లు గడిచేకొద్దీ ఒకే పీపాలోంచి నింపిన సీసాల మధ్య కూడా రుచి కాస్త మారుతుంది. అడుగున పంచదార పలుకుల్లా కనిపించేది టార్టరిక్ ఆమ్లపు లవణం, హాని లేనిది. వీటిని వినియోగదారుల కమిషన్ లోపంగా చూడదు. మీ రెండు సీసాల సంగతి వేరు.

తడిసిన అట్టపెట్టెలా, ముక్కిన బియ్యంలా వాసన వస్తే సాధారణంగా అది బిరడాలోంచి దిగిన ట్రైక్లోరోఅనిసోల్ అనే రసాయనం వల్ల. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు, వాసన పట్టేస్తుంది. ఇది సీసాకో తీరు. పక్క సీసా శుభ్రంగా ఉండొచ్చు. అందుకే సీలున్న సీసాను ల్యాబుకు పంపితే మీకే ఎదురు తిరగవచ్చు. ఇక్కడ సాక్ష్యం తెరిచిన సీసా, దాని బిరడా. ఆ రసాయనం గాలికి పోయేది కాదు. మిగిలిన వైన్‌ను చిన్న గాజు సీసాలో అంచుదాకా నింపి, లోహపు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, మూతికి పాలిథిన్ కూడా చుట్టొద్దు. పాలిథిన్ ఆ రసాయనాన్ని పీల్చుకుంటుంది.

మూడో సీసా విషయంలో లెక్క తిరగబడుతుంది. అది గాలి సోకి లేదా వేడి తగిలి పాడైనట్టుంది. తెరిచిన సీసాను చూపిస్తే ‘మీ ఇంట్లోనే పాడైంది’ అని తేల్చేస్తారు. వేడి తగిలితే ఆ పెట్టెలో చాలా సీసాలకు తగిలి ఉంటుంది కాబట్టి ఇక్కడ సీలున్న మూడే సాక్ష్యం. మూత రేకు కింద బిరడా పైకి ఉబ్బిందా, మెడ దగ్గర జిగట ఉందా, ఒకదానిలో మట్టం తగ్గిందా చూసి, లాట్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. లేబుల్ ఒకటే అయినా లాట్ వేరైతే వేర్వేరు రోజుల్లో నింపిన సరుకు కావచ్చు. వాటిని చల్లగా, చీకట్లో పడుకోబెట్టి ఉంచండి. వంటింటి అటక మీద పెడితే అవతలి లాయరుకు వాదన మీరే అందించినట్టు.

ఇక చట్టం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16(2) ప్రకారం, అలాంటి సరుకు అమ్మే వ్యాపారి దగ్గర కొన్నది అమ్ముడయ్యే నాణ్యతతో ఉండాలి. కొనేటప్పుడు పరీక్షించి చూశారు కదా అన్న వాదన, పరీక్షిస్తే బయటపడే లోపాలకే చెల్లుతుంది. బిరడా వేసిన సీసాలోది బయటినుంచి ఎవరికి కనబడుతుంది? లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బివ్వకపోవడం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య పద్ధతి. అందుకే ఆలస్యం చేయొద్దు. ఈ వారంలోనే బిల్లు నకలు, ఫొటోలతో స్పీడ్ పోస్టులో దుకాణదారుకు నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు కూడా నమోదు చేయించండి.

దిగిరాకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. గడువు 2 ఏళ్లు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదు ఫీజు లేదు. సెక్షన్ 38(2) కింద కమిషన్ మీ దగ్గర నమూనా తీసుకుని, సీలు వేసి ల్యాబుకు పంపుతుంది. నివేదికకు 45 రోజుల గడువు ఇస్తారు. ఆ పరీక్ష ఫీజు ముందు మిమ్మల్నే కట్టమనవచ్చు, అది సీసా ధరను మించనూవచ్చు. అందుకే పాడైన రెండు సీసాల 2,800 రూపాయలు నోటీసు దశలోనే వస్తే రాజీపడటం మేలని నా అభిప్రాయం. మూడో సీసాలోని లోపమే మిగతా మూడింటిలోనూ తేలితే వాటి ధరా కలిపి అడగండి.

ఫిర్యాదులో దుకాణాన్నీ, లేబుల్ మీదున్న తయారీదారునీ లేదా దిగుమతిదారునీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే దుకాణం బిరడాను, కంపెనీ గోదామును సాకుగా చూపి తప్పించుకుంటాయి.